పెద్ద రక్తనాళాల శోథ – సంక్రమణ: సంబంధమా, సామీప్యమా? (దక్షిణ తెలంగాణ నేపథ్యంలో ఒక వివరణ)

వ్యాససంగ్రహం:
బృహద్ధమనికి, దాని ప్రధాన శాఖలకు వచ్చే శోథవ్యాధుల్లో భారతదేశంలో ఎక్కువగా కనిపించేది టకయాసు ధమనీశోథ. ఏదో ఒక సంక్రమణ, ముఖ్యంగా క్షయ, ఈ వ్యాధికి మూలమై ఉండవచ్చన్న ఊహ అనేక దశాబ్దాలుగా వైద్యలోకంలో ఉంది. ఆ ఊహను సమర్థించే సాక్ష్యాలను, దానికి అడ్డువచ్చే సాక్ష్యాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు 'నాడి', 'నరం', 'వాపు', 'ఇన్‌ఫెక్షన్' అనే మాటల అర్థవ్యాప్తి వల్ల కలిగే చిక్కులను పరిశీలిస్తుంది. క్షయ ఇంకా ప్రజారోగ్య సమస్యగానే ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో సంక్రమణకూ శోథకూ మధ్య తేడా కేవలం పరిభాషకు సంబంధించినది కాదని, రోగికి అందే మందును అదే నిర్ణయిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: టకయాసు ధమనీశోథ, బృహద్ధమని, సంక్రమణ, శోథ, క్షయ, నాడి, వైద్య పరిభాష, నల్లగొండ, మహబూబ్‌నగర్.

1. ఉపోద్ఘాతం

'నాడి అందడం లేదు' అన్న మాట తెలుగు ఇళ్లలో సాధారణంగా ఆశ వదులుకున్న వేళ వినిపిస్తుంది. కానీ లేచి తిరుగుతూ, వంట చేస్తూ, పొలం పనికి పోతూ ఉన్న యువతికి మణికట్టు దగ్గర నాడి అందని స్థితి కూడా ఒకటుంది. ఆమె ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు కనిపించదు. చేతికి రక్తం తీసుకువెళ్లే ధమని నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి లోలోపల దళసరి అవుతూ ఇరుకైపోయి ఉంటుంది. ఒకప్పుడు వైద్యులు 'నాడి లేని వ్యాధి' అని పిలిచిన టకయాసు ధమనీశోథ ఇదే.

ఈ వ్యాసరచయిత వైద్యశాస్త్రం చదివినవారు కారు; డిగ్రీ విద్యార్థులకు తెలుగు బోధించే అధ్యాపకులు. అనువాద పాఠంలో ఒక ఆరోగ్య కరపత్రాన్ని తెలుగు చేయమన్నప్పుడు 'ఇన్‌ఫెక్షన్', 'ఇన్‌ఫ్లమేషన్' అనే రెండు మాటలనూ తరగతిలో ఎక్కువమంది 'ఇన్‌ఫెక్షన్' అనే రాయడం ఈ పరిశీలనకు ప్రేరణ. ఆ పొరపాటును దిద్దాలంటే ముందు ఆ రెండింటి మధ్య ఉన్న సంబంధం తెలియాలి. ఆ సంబంధం పెద్ద రక్తనాళాల వ్యాధుల్లో ఎంత జటిలంగా ఉందో వివరించడం, దాన్ని తెలుగులో స్పష్టంగా చెప్పగల మాటలను నిర్ధారించుకోవడం ఈ వ్యాసం లక్ష్యాలు.

2. వ్యాధి స్వరూపం

2.1. ధమని గోడ:
గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని, దాని నుంచి మెడకు, చేతులకు, మూత్రపిండాలకు, కాళ్లకు వెళ్లే ప్రధాన శాఖలు పెద్ద రక్తనాళాలు. వీటి గోడలో మూడు పొరలున్నాయి. రక్తాన్ని తాకుతూ ఉండేది అంతర కంచుకం, సాగే గుణం గలది మధ్య కంచుకం, వెలుపలిది బాహ్య కంచుకం. పెద్ద ధమనుల గోడ దళసరిగా ఉంటుంది కనుక, దానికి ఆహారం అందించే సన్నని రక్తనాళాలు వెలుపలి పొర నుంచి లోపలికి వెళ్తాయి. టకయాసు వ్యాధిలో శోథ కణాలు ప్రధానంగా ఈ వెలుపలి దారి నుంచే గోడలోకి చేరతాయి. లోపొర దళసరి అయ్యేకొద్దీ రక్తమార్గం సన్నబడుతుంది. కొన్నిచోట్ల గోడ బలహీనపడి ఉబ్బుతుంది కూడా.

2.2. గుర్తింపు చరిత్ర:
జపాన్‌లోని కనజవాకు చెందిన నేత్రవైద్యుడు మికితో టకయాసు 1908లో 21 ఏళ్ల యువతి కంటిలో ఒక వింతను వర్ణించాడు. కంటి వెనుక పొరలో చూపునాడి చుట్టూ రక్తనాళాలు దండలా అల్లుకుని ఉన్నాయి. అదే సభలో ఒనిషి, కగోషిమా అనే ఇద్దరు వైద్యులు తాము చూసిన ఇటువంటి రోగులకు మణికట్టు దగ్గర నాడి అందలేదని చెప్పారు. కంటికి వెళ్లే రక్తం తగ్గడం వల్లే అక్కడ కొత్త నాళాలు అల్లుకున్నాయని తరువాత అర్థమైంది. అంటే వ్యాధి కంటిలో కనిపించింది గానీ మూలం ఛాతీలోని ధమనిలో ఉంది. 1951లో షిమిజు, సానో దీన్ని 'నాడి లేని వ్యాధి' పేరుతో వివరించారు.

భారతదేశంలో బొంబాయి శస్త్రవైద్యుడు పి.కె. సేన్, ఆయన సహచరులు 1960ల నుంచి దీన్ని విస్తృతంగా అధ్యయనం చేశారు. వ్యాధి బృహద్ధమనినీ దాని శాఖలనూ కలిపి పట్టుకుంటుందని, కారణమైన క్రిమి ఫలానా అని చెప్పలేమని సూచించే పేరును వారు వాడారు. జపాన్ రోగుల్లో బృహద్ధమని పైభాగం, మెడకూ చేతులకూ వెళ్లే శాఖలు ఎక్కువగా దెబ్బతింటాయి. మన దేశంలో ఉదరభాగంలోని బృహద్ధమని, మూత్రపిండ ధమనులు దెబ్బతినడం ఎక్కువ. అందుకే ఇక్కడ చాలామందిలో ఈ వ్యాధి మొదట అధిక రక్తపోటుగానే బయటపడుతుంది. రోగుల్లో అధికులు స్త్రీలు. చాలామందికి 40 ఏళ్లలోపే మొదలవుతుంది.

2.3. రెండు దశలు:
తొలిదశలో లక్షణాలు ఒక అవయవానికి పరిమితం కావు. సన్నజ్వరం, నీరసం, బరువు తగ్గడం, కీళ్లనొప్పులు, రాత్రి చెమటలు ఉంటాయి. తరువాతి దశలో చేయి ఎత్తి పనిచేస్తే గుంజడం, తల తిరగడం, ఒక చేతిలో నాడి బలహీనపడడం, రెండు చేతుల రక్తపోటులో తేడా కనిపిస్తాయి. 1990 నాటి అమెరికన్ రుమటాలజీ సంస్థ ప్రమాణాల్లో రెండు చేతుల సిస్టాలిక్ రక్తపోటు మధ్య 10 మిల్లీమీటర్ల కంటె ఎక్కువ తేడా ఒక అంశం. 2022 నాటి కొత్త ప్రమాణాల్లో ఆ తేడాను 20 మిల్లీమీటర్లుగా తీసుకున్నారు. స్కానింగ్‌లో ధమనీశోథ ఆనవాళ్లు ఉండడాన్ని తప్పనిసరి చేశారు.

తొలిదశ లక్షణాల జాబితాను క్షయ లక్షణాల పక్కన పెట్టి చూస్తే దగ్గు ఒక్కటి తప్ప దాదాపు అన్నీ కలుస్తాయి. మొత్తం సమస్యకు ఆరంభం ఇక్కడే ఉంది.

3. మాటల చిక్కు

3.1. నాడి, నరం:
'నాడి' అనే మాట వ్యవహారంలో మణికట్టు దగ్గర తగిలే రక్తపు కొట్టుకోలును చెబుతుంది. పాఠ్యపుస్తకాల్లో 'నాడీవ్యవస్థ' అంటే మెదడు, వెన్నుపాము, వాటి తంతువుల వ్యవస్థ. 'నాడి లేని వ్యాధి' అని రాస్తే చదువుకున్న పాఠకుడు దాన్ని మెదడుకు సంబంధించిన జబ్బుగా పొరబడే అవకాశముంది. 'నరం' అనే మాట పరిధి ఇంకా విశాలమైనది. పల్లెవ్యవహారంలో అది రక్తనాళానికీ, నాడీతంతువుకూ, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువుకూ కూడా వర్తిస్తుంది. అందువల్ల చేతికి రక్తం అందక గుంజినా, మెడ ఎముక ఒత్తిడివల్ల తిమ్మిరెక్కినా, పనిభారంవల్ల కండరం పట్టేసినా 'నరాల కమ్జోరి', 'నరాల బలహీనత' అన్న ఒకే పేరు కిందికి వస్తాయి. రోగి అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు అందుబాటులో ఉన్న మాట మూడు వేర్వేరు విషయాలను విడదీయదు. పాఠ్యపుస్తకాలు ఇచ్చిన 'ధమని', 'సిర' అనే మాటలు విడదీస్తాయి గానీ అవి పరీక్షతోనే మరుగున పడుతున్నాయి.

సంప్రదాయ వైద్యంలో నాడీపరీక్షకు ఎంతో ప్రాధాన్యం ఉంది. తెలుగునాట పేరెన్నికగన్న 'బసవరాజీయం' వంటి గ్రంథాలు దాన్ని వివరిస్తాయి. పురుషులకు కుడిచేయి, స్త్రీలకు ఎడమచేయి పట్టి చూడడం ఆ సంప్రదాయపు ఆనవాయితీ. టకయాసు వ్యాధిలో తరచుగా దెబ్బతినే శాఖల్లో ముందువరసలో ఉండేది ఎడమచేతికి రక్తం తీసుకువెళ్లే ధమనే కావడం కాకతాళీయమైన పోలిక. దీన్నిబట్టి ప్రాచీనులకు ఈ వ్యాధి తెలుసని చెప్పడం నిరాధారం. ఈ వ్యాధిని పట్టించేది ఒక చేతిలో నాడిగతి కాదు, రెండు చేతుల మధ్య తేడా. ఒక్క చేయి మాత్రమే చూసే పద్ధతి, అది పాతదైనా కొత్తదైనా, ఆ తేడాను చూపలేదు.

3.2. వాపు, శోథ, ఇన్‌ఫెక్షన్:
శోథ అంటే దెబ్బకో క్రిమికో మరేదైనా కారణానికో శరీరం చూపే ప్రతిచర్య. ఎరుపు, వాపు, వేడి, నొప్పి దాని లక్షణాలని ప్రాచీన రోమన్ రచయితలే చెప్పారు. సంక్రమణ అంటే బయటి క్రిమి శరీరంలో చేరి పెరగడం. సంక్రమణ శోథకు ఒక కారణం మాత్రమే. ముల్లు గుచ్చుకుని చీము పడితే రెండూ ఉన్నాయి. మడమ బెణికి ఉబ్బితే శోథ ఉంది, సంక్రమణ లేదు. శరీరంలో క్షయక్రిమి నిద్రాణంగా ఉన్న ఆరోగ్యవంతుడికి సంక్రమణ ఉంది, రోగమనదగిన శోథ లేదు.

'వాపు' అనే మాట కంటికి కనిపించే ఉబ్బును సూచిస్తుంది కనుక ఛాతీలోపలి ధమని గోడకు అది అంతగా నప్పదు. 'మంట' బాధను మాత్రమే చెబుతుంది. 'శోథ' సంస్కృతంలో వాపుకే పేరు అయినా, వాడుకలో లేనందువల్ల దానికి నిర్దిష్టమైన పారిభాషికార్థం ఇచ్చుకోవడం సులువు. ఈ వ్యాసంలో 'శోథ' శరీర ప్రతిచర్యకు, 'సంక్రమణ' క్రిమి ప్రవేశానికి మాత్రమే వాడబడ్డాయి. 'అంటువ్యాధి' అనేది మనిషి నుంచి మనిషికి సోకేదానికే పరిమితం. టకయాసు వ్యాధి అంటువ్యాధి కాదన్న విషయంలో సందేహం లేదు.

4. సంక్రమణ వల్ల ధమనీశోథ రాగల మార్గాలు

4.1. క్రిమి నేరుగా గోడలో చేరడం:
ఇది ఊహ కాదు, నిరూపిత విషయం. చికిత్స లేని సిఫిలిస్ ఏళ్ల తరువాత బృహద్ధమని గోడను దెబ్బతీస్తుంది. సాల్మొనెల్లా వంటి బాక్టీరియా ముందే దెబ్బతిన్న ధమనిలో స్థిరపడి ఉబ్బును కలిగించగలదు. క్షయ కూడా పక్కనున్న లింఫు గ్రంథి నుంచి పాకి బృహద్ధమనిని అరుదుగా పట్టుకుంటుంది. వీటిని 'సంక్రమణ ధమనీశోథలు' అనాలి. ఇక్కడ చికిత్స క్రిమిని చంపే మందు, అవసరమైతే శస్త్రచికిత్స. టకయాసు వ్యాధి అని తేల్చేముందు వైద్యులు వీటిని కాదనుకోవలసి ఉంటుంది.

4.2. పోలికవల్ల జరిగే పొరపాటు:
క్రిమి శరీరంలో ఎక్కడో ఉంటుంది లేదా వచ్చి వెళ్లిపోతుంది. దాన్ని గుర్తుపట్టి దాడిచేయడం నేర్చిన రక్షణకణాలు అదే పోలికగల సొంత ప్రోటీన్‌ను చూసి దానిమీదా దాడిచేస్తాయి. దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ రుమాటిక్ జ్వరం. గొంతులో స్ట్రెప్టోకోకస్ సంక్రమణ వచ్చి తగ్గిన కొన్ని వారాలకు కీళ్లనొప్పులు, ఆపై గుండె కవాటాలకు హాని. కవాటంలో వెతికితే క్రిమి దొరకదు. అయినా మూలం ఆ క్రిమే. టకయాసు విషయంలో ఈ దారిన అనుమానించబడింది క్షయక్రిమికి చెందిన 65 కిలోడాల్టన్ల ఉష్ణాఘాత ప్రోటీన్. ప్రతి జీవకణంలోనూ ఇటువంటి ప్రోటీన్లు ఉంటాయి, క్రిమిదానికీ మనిషిదానికీ నిర్మాణంలో దగ్గరి పోలిక ఉంది. టకయాసు రోగుల ధమని గోడలో ఈ జాతి ప్రోటీన్ అధికంగా ఉందని జపాన్ పరిశోధకులు 1994లో చూపారు. 1996లో లక్నో పరిశోధకులు భారతీయ రోగుల రక్తంలో క్షయక్రిమికీ, ఈ ప్రోటీన్‌కూ వ్యతిరేకంగా ఉండే స్పందనను అధ్యయనం చేశారు.

4.3. గోడలోని కాపలా కణాలు మేలుకోవడం:
పెద్ద ధమనుల వెలుపలి పొరలో డెండ్రైటిక్ కణాలనే కాపలా కణాలుంటాయి. క్రిముల భాగాలను పసిగట్టే గ్రాహకాలు వీటిపై ఉంటాయి. మామూలుగా నిద్రాణంగా ఉండే ఈ కణాలను రక్తంలో వచ్చిన ఏ సంకేతమో మేల్కొలిపితే అవి రక్షణకణాలను గోడలోకి పిలుస్తాయన్నది మూడవ ప్రతిపాదన. ఈ దారిలో ఒకే క్రిమి బాధ్యత అవసరం లేదు. వేర్వేరు మనుషుల్లో వేర్వేరు సంక్రమణలు ఒకే ఫలితాన్ని ఇవ్వవచ్చు. అదే నిజమైతే ఒక్క క్రిమి కోసం సాగే అన్వేషణ విఫలం కావడంలో ఆశ్చర్యం లేదు.

5. క్షయ – టకయాసు: సాక్ష్యాల తూకం

5.1. అనుకూలాంశాలు:
సూక్ష్మదర్శినిలో రెండు వ్యాధుల గాయాలకూ పోలిక ఉంది. గ్రాన్యులోమా అనే కణసమూహాలు, అనేక కేంద్రకాలు గల బృహత్కణాలు రెండింటిలోనూ కనిపిస్తాయి. భారతదేశం, మెక్సికో వంటి దేశాల రోగుల్లో పూర్వం క్షయ వచ్చినవారు, మాంటూ చర్మపరీక్షలో స్పందించినవారు ఎక్కువగా ఉన్నారని పలు అధ్యయనాలు పేర్కొన్నాయి. 2012లో మెక్సికో పరిశోధకులు టకయాసు రోగుల బృహద్ధమని నమూనాల్లో అధికభాగంలో క్షయక్రిమి జాతికి చెందిన జన్యుభాగాలు ఉన్నాయని ప్రకటించారు.

5.2. ప్రతికూలాంశాలు:
2009లో ఫ్రాన్స్ పరిశోధకులు అదే విధంగా ధమని నమూనాలను పరీక్షించినప్పుడు క్షయక్రిమి ఆనవాలు దొరకలేదు. దొరికినంత మాత్రాన కూడా నేరం రుజువు కాదు. క్షయ గాయాలు లేని ఊపిరితిత్తుల కణజాలంలోనూ ఆ క్రిమి డీఎన్‌ఏ ఉండగలదని 2000లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. క్షయ మందులు మాత్రమే ఇస్తే ధమనీశోథ తగ్గడం కనిపించదు. రోగనిరోధక చర్యను అణచే స్టెరాయిడ్‌కు అది లొంగుతుంది. గ్రాన్యులోమా పోలిక కూడా బలమైన ఆధారం కాదు, ఎందుకంటే క్రిమి ప్రమేయం లేని సార్కాయిడోసిస్ వంటి వ్యాధుల్లోనూ అవి ఏర్పడతాయి.

5.3. లెక్కల చిక్కు:
2019–21 జాతీయ క్షయ సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు పైబడినవారిలో సుమారు 31 శాతం మందికి క్షయ సంక్రమణ ఉంది. వీరిలో అత్యధికులు ఎన్నడూ రోగులు కారు. ఇటువంటి సమాజంలో ఏ జబ్బుతో వచ్చిన 100 మంది పెద్దలను తీసుకున్నా, ఆ జబ్బుకు క్షయతో సంబంధం ఏమీ లేకపోయినా, దాదాపు 31 మందిలో సంక్రమణ ఆనవాలు ఉంటుంది. బీసీజీ టీకా కూడా మాంటూ పరీక్ష ఫలితాన్ని ప్రభావితం చేస్తుంది. కాబట్టి 'రోగుల్లో ఇంతమందికి మాంటూ పాజిటివ్' అన్న వాక్యం ఒంటరిగా ఏమీ చెప్పదు. అదే వయసు, అదే ఊరు, అదే జీవనస్థితి గల ఆరోగ్యవంతులతో పోల్చినప్పుడే దానికి విలువ. సాహిత్య పరిశోధనలో రెండు కావ్యాల మధ్య పోలిక కనిపించగానే ఒకదానికి మరొకటి మూలమనం. ఇద్దరు కవులకూ ఉమ్మడిగా అందిన సంప్రదాయం ఏమిటో ముందు చూస్తాం. ఇక్కడ పాటించవలసిన న్యాయమూ అదే.

మరొక లెక్కా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో భారతదేశంలో ప్రతి లక్షమందికి సుమారు 195 మంది కొత్తగా క్షయ బారినపడ్డారు. అంటే పది లక్షలకు 1,950. వివిధ దేశాల అధ్యయనాల్లో టకయాసు వ్యాధి ఏటా పది లక్షలకు ఒకరిద్దరి స్థాయిలోనే ఉంది. కనుక క్షయ పాత్ర ఉన్నా అది ఒక్కటే చాలదు. హెచ్ఎల్ఏ-బి52 అనే జన్యులక్షణానికి ఈ వ్యాధితో ఉన్న సంబంధం జపాన్‌తో పాటు భారతీయుల్లోనూ కనిపించింది. జన్యుపరమైన సిద్ధత, స్త్రీలలో ఎక్కువగా రావడానికి కారణమైన అంశాలు, ఏదో ఒక సంక్రమణ, ఇవన్నీ కలిసినప్పుడే వ్యాధి పుడుతుందన్న అభిప్రాయం ఇప్పటి సాక్ష్యాలకు దగ్గరగా ఉంది.

అయితే అరుదుగా రావడమే సంబంధం లేదనడానికి రుజువు కాదు. గొంతునొప్పి వచ్చిన పిల్లల్లో అతి కొద్దిమందికే రుమాటిక్ జ్వరం వస్తుంది. అక్కడ సంబంధం నిజమే. అందువల్ల 'క్షయవల్ల వస్తుంది' అనడానికీ, 'క్షయకు ఏ సంబంధమూ లేదు' అనడానికీ ఇప్పుడున్న ఆధారాలు చాలవు.

6. వృద్ధుల కణత ధమనీశోథ: మరొక ఉదాహరణ

పెద్ద రక్తనాళాల రెండవ ప్రధాన శోథవ్యాధి బృహత్కణ ధమనీశోథ. ఇది 50 ఏళ్లు దాటినవారికే వస్తుంది. ఉత్తర ఐరోపా మూలాలు గలవారిలో ఎక్కువ, మన దేశంలో తక్కువ. కణత దగ్గర నొప్పి, నమిలేటప్పుడు దవడ గుంజడం, హఠాత్తుగా చూపు పోవడం దీని లక్షణాలు. దీనికి కారణంగా అనుమానించబడిన వాటిలో ముఖ్యమైనది ఆటలమ్మను కలిగించే వైరస్. ఆటలమ్మ తగ్గాక ఆ వైరస్ నాడీకణాల్లో దాగి, వయసు మీరాక సర్పిగా బయటపడుతుంది. 2015లో అమెరికా పరిశోధకులు 82 మంది రోగుల కణత ధమని ముక్కలను పరీక్షించి 74 శాతంలో ఆ వైరస్ ప్రోటీన్ ఉందని ప్రకటించారు. వైరస్‌ను చంపే మందు కూడా కలిపి ఇవ్వాలన్న చర్చ మొదలైంది. తరువాత ఇతర ప్రయోగశాలల్లో ఆ ఫలితం పునరావృతం కాలేదు. వాడిన గుర్తింపు రసాయనం వైరస్‌తో పాటు మామూలు కణజాలానికీ అంటుకుని ఉండవచ్చన్న సందేహం బలపడింది. ఒక్క అధ్యయనంలో కనిపించిన పెద్ద సంఖ్యను వెంటనే కారణంగా ప్రచారం చేయరాదని ఈ ఉదంతం తెలుపుతుంది. క్షయ విషయంలో మెక్సికో, ఫ్రాన్స్ ఫలితాల వైరుధ్యాన్ని కూడా ఈ వెలుగులోనే చదవాలి.

7. దక్షిణ తెలంగాణలో ఈ తేడా విలువ

7.1. రెండు పూర్వపాఠాలు:
కారణాన్ని సరిగా గుర్తించడం ఎంత అవసరమో నల్లగొండకు ఫ్లోరోసిస్ నేర్పింది. ఎముకలు వంకరపోవడానికి మూలం భూగర్భజలంలో మోతాదు మించిన ఫ్లోరైడ్ అని తేలింది కనుకనే పటిక, సున్నం వాడి నీటిని శుద్ధిచేసే పద్ధతి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరుతో ప్రసిద్ధమైంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలకు కృష్ణా జలాలు కావాలన్న డిమాండు నిలబడింది. అక్కడ నీటికీ రోగానికీ ఉన్న బంధాన్ని కొలిచి చూపగలిగారు. ధమనీశోథలో అటువంటి కొలత ఇంకా లేదు.

రెండవ పాఠం పాలమూరుది. షాద్‌నగర్ ప్రాంతంలో పలుగురాతిని పొడిచేసే మిల్లుల్లో పనిచేసినవారికి వచ్చిన సిలికోసిస్ క్షయగా పొరబడిన సందర్భాలున్నాయి. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. పైగా సిలికా ధూళి పీల్చినవారికి నిజంగానే క్షయ వచ్చే ముప్పు ఎక్కువ. అంటే ఒక వ్యాధి మరొకదానిలా కనిపించడమే కాక, దాన్ని వెంటబెట్టుకునీ రాగలదు. క్షయ ఎక్కువగా ఉన్నచోట ప్రతి సన్నజ్వరమూ ముందు క్షయగానే కనిపించడం సహజం, చాలాసార్లు సబబు కూడా. సమస్య అక్కడే ఆగిపోవడంలో ఉంది.

7.2. ఒక ఊహాచిత్రం:
ఈ చిక్కును విశదీకరించడానికి ఒక రోగిని ఊహించుకుందాం. దేవరకొండ వైపు ఒక తండాలో 26 ఏళ్ల స్త్రీ. ఆరు నెలలుగా సాయంత్రం సన్నజ్వరం, బరువు తగ్గడం. తెమడ పరీక్షలో క్రిమి లేదు, మాంటూ పాజిటివ్, ఈఎస్ఆర్ ఎక్కువ. క్షయ మందులు మొదలయ్యాయి. పత్తి ఏరే రోజుల్లో "ఎడమ చెయ్యి గుంజుతుంది మేడం, నరాల కమ్జోరి అంటున్రు" అని ఆమె చెప్పింది. బలం మాత్రలు ఇచ్చారు. రక్తపోటు ఎడమచేతికే చూశారు, తక్కువగా ఉంది. ఆమె అసలు రక్తపోటు కుడిచేతిలో ప్రమాదకరంగా ఎక్కువ. ఇరుకైన ధమని ఉన్న చేతిలో కొలత తక్కువే చూపిస్తుందన్న చిన్న విషయం వల్ల ఆమెకు పక్షవాతం ముప్పు కనిపించకుండా పోయింది.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూద్దాం. ధమనీశోథ అని వెంటనే గుర్తించి స్టెరాయిడ్ ఇచ్చారు. కానీ ఆమె ఊపిరితిత్తుల్లో క్షయక్రిమి నిద్రాణంగా ఉంది. శోథను అణచే మందు ఆ క్రిమిని కట్టడిచేస్తున్న రక్షణనూ సడలిస్తుంది. క్షయ నిజంగానే బయటపడవచ్చు. శోథవ్యాధులకు వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు తీసుకున్నవారిలో క్షయ పైకి వచ్చిన 70 మంది వివరాలు 2001లో వెలువడిన తరువాత, అటువంటి మందులకు ముందు నిద్రాణ క్షయను పరీక్షించడం నియమమైంది. ఈ విధంగా సంక్రమణ రెండు చివరల్లోనూ నిలుస్తుంది: ఒకవైపు వ్యాధికి కారణమేమోనన్న సందేహంగా, మరోవైపు చికిత్సవల్ల వచ్చే ముప్పుగా. మొదటిది ఇంకా ఊహ, రెండవది నిశ్చయం. రోగి చేతిలో ఉన్న చీటీని నిర్ణయించవలసింది ఈ రెండవ అంశమే.

రెండు వ్యాధులూ ఒకే మనిషిలో ఉండడమూ సాధ్యమే. అప్పుడు రెండింటికీ చికిత్స జరగాలి. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ స్టెరాయిడ్ ప్రభావాన్ని తగ్గిస్తుంది కనుక మోతాదులను వైద్యులు సరిచూడవలసి ఉంటుంది. స్టెరాయిడ్‌ను రోగి తనంతట తాను హఠాత్తుగా మానడం ప్రమాదకరమన్నదీ కుటుంబానికి తెలిసి ఉండాలి.

7.3. చేయగలిగింది:
మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. స్కానింగ్ కోసం హైదరాబాద్ దాకా పోవలసిన అవసరం కొంత తగ్గింది. కానీ స్కానింగ్ దాకా రోగిని చేర్చేది మొదటి అనుమానం. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. యువతికి రక్తపోటు ఎక్కువగా ఉన్నా, చేయి గుంజుతున్నా, క్షయ మందులు వాడినా జ్వరం, ఈఎస్ఆర్ తగ్గకపోయినా రెండు మణికట్టుల నాడినీ కలిపి చూడడం, రెండు చేతుల రక్తపోటూ కొలవడం చాలు. రెండు చేతుల్లోనూ నాడి బలహీనంగా ఉంటే కాలికి కొలవాలి.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. కొన్ని సంక్రమణలు పెద్ద ధమనులను నేరుగా దెబ్బతీస్తాయన్నది రుజువైన విషయం. టకయాసు ధమనీశోథకు సంక్రమణ మూలమన్నది రుజువు కాలేదు, తోసిపుచ్చబడనూ లేదు.

2. క్షయ విస్తృతంగా ఉన్న సమాజంలో రెండూ ఒకే రోగిలో కనిపించడం కార్యకారణ సంబంధానికి నిదర్శనం కాదు. సరైన పోలిక సమూహంతో జరిగిన అధ్యయనాలే దాన్ని తేల్చగలవు.

3. కారణం తేలకపోయినా, చికిత్సకు ముందు క్షయను వెతకడం మన ప్రాంతంలో తప్పనిసరి.

4. తెలుగులో 'సంక్రమణ', 'శోథ', 'అంటువ్యాధి' అనే మూడు మాటలను వేర్వేరు అర్థాల్లో నిలకడగా వాడాలి. 'నాడి' మాటను మణికట్టు కొట్టుకోలుకు, 'నాడీతంతువు'ను మెదడు సంబంధ నిర్మాణానికి ప్రత్యేకించాలి. 'నరం' అన్న రోగి మాటను తప్పని దిద్దనవసరం లేదు. అది రక్తనాళమా, నాడీతంతువా, స్నాయువా అని అడగవలసింది వినేవారు.

చివరి అంశం తెలుగు అధ్యాపకుల పరిధిలోనిది. ఆశా కార్యకర్తల శిక్షణ పుస్తకాలు, ఆరోగ్య కరపత్రాలు, మందుచీటీల వెంట ఇచ్చే సూచనలు మన విద్యార్థులు అనువదించగల రచనలే. అనువాద పాఠంలో ఒక కావ్యఖండికతో పాటు ఒక ఆరోగ్యసూచననూ ఇచ్చి, అందులోని ప్రతి మాట ఎవరికి ఎలా అర్థమవుతుందో ఇంటి పెద్దవాళ్లను అడిగి రమ్మనడం మంచి అభ్యాసం. అట్లా సేకరించిన మాటలు నల్లగొండ, పాలమూరు జిల్లాల వ్యవహారంలో దేహభాగాలకూ రోగాలకూ ఉన్న పేర్ల పట్టికగా రూపొందితే, ఇక్కడికి కొత్తగా వచ్చే వైద్యవిద్యార్థులకు అది మొదటి రోజు నుంచే పనికివస్తుంది.